రెక్కలు తప్పన్న మనిషి కోసం కుప్పం దాకా

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఉండేది తెనాలి. ఊళ్ళు తిరగడం నాకు సరదా కాదు. బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది, లాడ్జి దుప్పటి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కాబట్టి ఇది చదివి ఎవరైనా మూటాముల్లె సర్దుకుని బయల్దేరతారన్న ఆశ నాకేమీ లేదు. రెండువేల సంవత్సరం దాటాక, వానలు ఎగ్గొట్టిన ఒక ఏడాది మే నెలలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగొచ్చాను. ఎందుకని అడిగినవాళ్ళకి రాక్షసబల్లి ఈకల గొడవ తేల్చుకోవడానికి అని చెబితే, తలనొప్పికి మందు వేసుకోమన్నారు.

ఆ గొడవేమిటో ముందే చెప్పేస్తాను. అంతకు ఏడెనిమిదేళ్ళ కిందట మా ప్రచురణకర్త పిల్లల కోసం రాక్షసబల్లుల పుస్తకం ఒకటి వేశాడు. రాసింది మదనపల్లెలో జంతుశాస్త్రం చెప్పే రెడ్డెప్ప సారు. బొమ్మలు నావి. అప్పట్లో అందరూ వేసినట్టే నేనూ మొసలి తోలు, పాచి రంగు, కోరలు వేసి చేతులు దులుపుకున్నాను. ఆ తర్వాత చైనాలో ఈకల అచ్చులతో సహా ఎముకలున్న రాళ్ళు బయటపడ్డాయి. బల్లి అనుకున్నది కాస్తా కోడికి పెద్దమ్మ అని తేలింది. సారు ఊరుకోలేదు. పిల్లలకి తప్పు చెప్పాం, దిద్దుకోవాలి అని ఉత్తరం మీద ఉత్తరం రాసి, చివరికి పాఠమంతా మళ్ళీ రాసి పంపాడు.

ఆ రాతప్రతిలో కాడిప్టెరిక్స్ అనే జంతువు దగ్గర ఒక వాక్యం ఉంది. ‘దీనికి రెక్క కొసదాకా ఈకలుండేవి’ అని. నాకది నచ్చలేదు. ఎగరలేని జంతువుకి రెక్కలేమిటి, పిల్లలు తికమకపడతారు అనుకుని, రెక్క అన్న మాట కొట్టేసి ‘చేతుల మీద’ అని దిద్దాను. ప్రచురణకర్తకు చెప్పాను, అతను సరేనన్నాడు. దిద్దిన వాక్యానికి తగ్గట్టే బొమ్మ వేశాను. పొడుగు చేతుల చొక్కా తొడిగినట్టు మణికట్టు దాకా ఈకలు. ఆ కింద బోసి వేళ్ళు. రెండు అరచేతులూ నేలవైపు, హార్మోనియం వాయించేవాడి వాటంలో. బాగా వచ్చిందనే అనుకున్నాను.

రంగు జిరాక్సు సారుకి పంపితే కార్డు వచ్చింది. ‘రెక్కలు తప్పు. నేను చూసి ఒప్పుకునేదాకా నా పేరు వెయ్యొద్దండి.’ అంతే. ఏమిటి తప్పని మేం రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. ఈలోగా ప్రచురణకర్త తొందరపడి రంగు బొమ్మల ఫారాలు, అంటే పుస్తకంగా కుట్టే పెద్ద కాగితాలు, మూడు వేల ప్రతులకీ అచ్చు వేయించేశాడు. పేర్లుండే మొదటి పేజీ ఒక్కటే ఆపాడు. లెక్చరరు పేరుంటేనే బళ్ళు ఆ పుస్తకం కొంటాయి. ‘పాఠమూ బొమ్మలూ చూశాను, సమ్మతమే’ అని ఒక కాగితం టైపు చేయించి నా చేతిలో పెట్టి, “నువ్వు వెళ్తే కాదనడు, సంతకం పట్రా” అన్నాడు. నేను బయల్దేరింది ఆ సంతకం కోసమే. తప్పేదో నేర్చుకుందామని వెళ్ళానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ అది అబద్ధం.

మదనపల్లె

పొద్దున్నే బస్సు దిగేసరికి రోడ్డంతా ఎర్రగా ఉంది. టమాటాలు. ధర పడిపోయిందట. మండీకి తెచ్చిన కూలి కూడా రాదని రైతులు గంపలు గంపలు దారిలో కుమ్మరించి వెళ్ళిపోయారు. బోర్లలో మిగిలిన చివరి నీళ్ళు పోసి పెంచిన కాయలవి. వాటి మీంచి బస్సులు వెళ్తున్నాయి, ఆవులు వాసన చూసి మొహం తిప్పుకుంటున్నాయి. మా వైపు టమాటా కిలో కొనాలంటే ఆలోచిస్తాం. ఒక పెద్దాయన ఖాళీ గంప బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని దాటుకుని వచ్చేశాను.

బస్టాండు పక్కన హోటల్లో రెండు ఇడ్లీ మూడు రూపాయలు. చట్నీ చెనక్కాయలది. వేరుశెనక్కాయ అంటే అక్కడ ఎవరికీ నోరు తిరగదు. వడ్డించేవాడు “ఇంగా ఎయ్యాల్నామ్మా” అని నా జవాబు వినకుండానే వేశాడు.

సారు ఇల్లు ఒక సందు చివర. తాళం వేసి ఉంది. తాళం మీద తుప్పు చూస్తే ఈమధ్య వేసింది కాదని తెలుస్తోంది. ఎదురుగా కోడి మాంసం కొట్టు. కొట్టు యజమాని ఖాదర్ భాయ్, యాభై దాటిన మనిషి, తెల్ల టోపీ, బనీను మీద రక్తం చుక్కలు. కత్తి ఆపకుండానే, “సారు ఈడ లేడమ్మా. రిటైరైనాడు గదా, పోయినేడే ఖాళీ చేసి పుంగనూరులో తమ్ముడింటికి పోయినాడు. నువ్వేమి, సుట్టమా?” అన్నాడు.

కాదు, ఆయన పుస్తకానికి బొమ్మలు వేసేదాన్నన్నాను. అప్పుడు కత్తి ఆపాడు.

“అరే, బల్లుల పుస్తకమా! సారు దినామూ పొద్దున్నే ఈడికి వస్తాండె. అందురూ తొడ కావాల, లివరు కావాల అంటారు. సారు మాత్రం రెక్క కొసలు ఇయ్యి ఖాదరూ అంటాండె. తినేకి కాదు, సూసేకి. మేము పారేసేదే గదా, ఊరికే ఇస్తాంటి. యాదీ బొమ్మ, సూపించు.”

నా దగ్గర రేకు గొట్టం ఒకటుంది, బొమ్మలు చుట్టి పెట్టుకునేది. అందులోంచి తీసి చూపించాను. ఖాదర్ భాయ్ తువ్వాలుతో చేతులు తుడుచుకుని, బొమ్మని తాకకుండా వంగి చూశాడు.

“బాగుండాదమ్మా. పళ్ళు గూడా ఉండాయే! అయితే ఈ కొస యాల బోడిగా పెట్టినావు? ఎవురు పెరికినారు ఈకలు?”

“అది చెయ్యి. అవి వేళ్ళు” అన్నాను.

ఆయన బుట్టలోంచి కోసిన నాటుకోడి రెక్క ఒకటి తీశాడు. విప్పదీసి చెక్క మీద పరిచాడు. కొసన తోలు ఒలిచి లోపల ఎముక చూపించాడు. బొటనవేలి మొటిమ లాంటిది ఒకటి, దాని పక్కన పొడుగ్గా ఒక వేలు, ఆ వేలికి అంటుకుని ఇంకో చిన్నది. “ఇది చెయ్యి కాదా? ఇవి వేళ్ళు కావా? పెద్ద ఈకలు పుట్టేది ఈ వేలి మీదనే సూడు. నువ్వు మణికట్టు కాడ నిలిపేసినావు. ఎగిరేది ఎట్ల?”

“ఇది ఎగరదండీ.”

“మా కోడి మాత్రం యాడికి ఎగురుతుందమ్మా?” అన్నాడు.

నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. పాతికేళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను, కోళ్ళు కోసే మనిషి నాకు చెప్పడమా అనిపించింది. ఆ మాట అనలేదు గానీ మొహంలో కనిపించే ఉంటుంది, ఆయన నొచ్చుకుని మళ్ళీ కత్తి అందుకున్నాడు. సందు మలుపు తిరిగేలోగానే నాకు తెలిసిపోయింది, ఆయన చెప్పిందే సరైనదని. తెలిసినా చేతిసంచిలో ఉన్న టైపు కాగితం తడుముకుని చూసుకున్నాను. అది నలగకుండా ఉందా లేదా అన్నదే నా దిగులు.

మధ్యాహ్నం ఒక మెస్సులో రాగి సంగటి తిన్నాను. మేం అన్నం నమిలే జాతి. నేను నాలుగు నమళ్ళు నమిలేసరికి పళ్ళన్నీ అంటుకుపోయాయి. వడ్డించే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, “నమిలితే ఎట్లమ్మా, పులుసులో అద్ది మింగాల” అంది. మింగాను. వంకాయ పులుసు మాత్రం ఎంత బాగుందంటే, ఆ రోజు మొత్తం మీద అదొక్కటే బాగుంది.

పుంగనూరు బస్సు

సాయంకాలం బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ, ఆవిడ ఒళ్ళో మూతికి గుడ్డ కట్టిన గంప, గంపలో కోడి. సోమలలో మనవరాలికి పురుడొస్తే ఇవ్వడానికి తీసుకెళ్తోందట. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా కోడి గుడ్డ తోసుకుని బయటికి రాబోయేది. ఒకసారి వచ్చేసింది. రెక్క విదిలించి నా చెంప మీద ఒక్కటిచ్చింది. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. విప్పిన ఆ రెక్కలో చివరి ఈక దాకా కళ్ళప్పగించి చూస్తున్నాను. ఖాదర్ భాయ్ మాట మళ్ళీ చెప్పినట్టయింది.

“కరిసిందామ్మా?” అంది ముసలమ్మ.

లేదన్నాను. ఆవిడ కోడిని ఒడుపుగా పట్టుకుని రెండు రెక్కలూ వీపు మీద మెలేసి మళ్ళీ గంపలో కూర్చోబెట్టింది. మదనపల్లె దాటిన దగ్గర్నుంచి పుంగనూరు దాకా కిటికీలోంచి బీళ్ళే. చెనక్కాయ వెయ్యాల్సిన నేల దున్ని వదిలేశారు. కృష్ణా కాలవ పక్కన పుట్టిన నేను అంత ఎండిన నేల అంతకుముందు చూడలేదు.

పుంగనూరు

లాడ్జిలో మర్నాడు పొద్దున ఒకే బకెట్టు నీళ్ళిచ్చారు. తలకు పోసుకోవాలని అడిగితే, కౌంటర్లో ఉన్నాయన “ఊరికే ల్యాదమ్మా నీళ్ళు, నీకు యాడ తెచ్చేది” అన్నాడు. కసురుకోలేదు, ఉన్న మాట చెప్పాడు.

పుంగనూరు అంటే పొట్టి ఆవుల గురించి చిన్నప్పుడు పుస్తకంలో చదివిన గుర్తు. నడుం ఎత్తు కూడా ఉండదట. చూద్దామని టీ కొట్టు దగ్గర అడిగాను. “ఇంగ యాడుండాయమ్మా” అన్నాడొకాయన. “ఎవురో పెద్దోళ్ళ ఇండ్లలో ఒగటీ అరా. మేము సూసి శానా ఏండ్లాయ.” వాళ్ళ ఊరి పేరు పెట్టుకున్న ఆవు వాళ్ళ ఊళ్ళోనే కనబడదు. ఎప్పుడో పోయిన జంతువుల బొమ్మలు వేసి బతికే నాకు, కళ్ళముందు పోతున్న దాని సంగతి వినేసరికి టీ చేదుగా అనిపించింది.

సారు తమ్ముడింట్లో తమ్ముడు లేడు, పొలం పోయాడు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. సారు పేరు చెప్పగానే చేట పక్కన పెట్టి, మజ్జిగ తెచ్చిచ్చి, అప్పుడు చెప్పింది.

“ఆయప్పకి పక్షవాతం వచ్చిండాదమ్మా. నాలుగు నెల్లయింది. మాట పడిపోయె. ఈడ పెద్దాసుపత్రి ల్యా, సూసుకునేకి నాకు ఒంట్లో బాగల్యా. కుప్పంలో వాళ్ళక్క మునెమ్మ వచ్చి పిలుసుకోని పోయింది.”

మజ్జిగ తాగి, మా ఉత్తరాలు అందలేదా అని అడిగాను. మదనపల్లె చిరునామాకి రాసిన మూడింటినీ పోస్టువాళ్ళు మళ్ళిస్తే ఆ ఇంటికే వచ్చాయట. చదివేవాళ్ళు లేక దేవుడి గూట్లో పెట్టారు. తెచ్చి చూపించింది. ఒక్కటీ చింపలేదు. సారు జవాబివ్వలేదని తెనాలిలో కూర్చుని నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

ఆయన దగ్గర రెక్కలుండేవి కదా, మదనపల్లెలో పోగు చేసినవి అన్నాను. ఆవిడ పెరటివైపు చూపించింది. జామచెట్టు పక్కన చిన్న గుంత, నల్లగా.

“ఆడ కాల్సేసినాం. రెండు పెట్టెలు. కాకివి, పాలపిట్టవి, కోడివి, గూబవి గూడా. సచ్చినవాటి రెక్కలు ఇంట్లో పెట్టుకుంటారామ్మా? ప్రతిదానికీ దారం గట్టి పేరు రాసి పెట్టిండె. పక్షుల రెక్కలు అన్ని పెరికి దాసుకుంటే పక్షవాతం రాకుండా యాడికి పోతాది? పేరులోనే ఉండాది గదా.”

ఆమె దుర్మార్గురాలు కాదు. బావలా కాకుండా సొంత అన్నలా చూసుకున్నానని చెప్పింది, నేను నమ్ముతాను. ఆ మాట కూడా కోపంతో అనలేదు, కారం తింటే మంట పుడుతుందన్నంత మామూలుగా అంది. పక్షవాతంలో పక్షమంటే ఒంట్లో ఒక పక్క, పక్షి కాదని చెప్పబోయి, లేచి ఆ గుంత దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళు పోగు చేసినది ఒక్క పూటలో కాలిపోయింది. అప్పటికి సారు మంచం మీద ఉన్నాడు. వాసన తగిలే ఉంటుంది.

వచ్చేటప్పుడు చీర కొంగు పట్టి రెండు గుప్పిళ్ళ చింతపండు పోసింది. మా వైపు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇస్తారు. అక్కడ ఇంట్లో ఏముంటే అది ఇస్తారు.

గంగవరం దగ్గర

పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళాలి. గంగవరం దాటీదాటకముందే బస్సు టైరు పోయింది. స్టెప్నీ లేదట. రెండు గంటలు చింతచెట్టు కింద కూర్చున్నాం. రోడ్డవతల పొలంలో బోరు బండి తవ్వుతోంది. తెల్లటి దుమ్ము పైకి లేస్తోంది. రైతు, అతని భార్య, ముసలి తల్లి దూరంగా నిలబడి చూస్తున్నారు. చెమ్మ తగిలితే దుమ్ము రంగు మారుతుందట. మేం ఉన్నంతసేపూ మారలేదు.

ప్రయాణికుల్లో ఒకాయన బోరు బండి వైపు చూసి, “ఆ నేలలో ల్యాదు. అయినా ఏస్తారు” అన్నాడు. నా రేకు గొట్టం చూసి ఏమిటమ్మా ఇది అని అడిగాడు. రాక్షసబల్లుల బొమ్మలని చెప్పాను. అవి ఇప్పుడుండాయా అన్నాడు. లేవన్నాను. వానలు ల్యాక పోయినాయేమో అన్నాడు. ఆయన నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు.

అక్కడ కూర్చునే ఒక నిర్ణయానికి వచ్చాను. సారుకి మాట లేదు కాబట్టి తప్పేమిటో ఎలాగూ చెప్పలేడు. కాగితం చూపించి, తలాడిస్తే సంతకం అనుకోవచ్చు. ఖాదర్ భాయ్ చెప్పింది మనసులో ఒక మూలకి తోసేశాను. ఫారాలు చెత్తకి పోతే ఆ పుస్తకం మళ్ళీ జన్మలో రాదు, తప్పో ఒప్పో పిల్లలకి ఈకలన్నా తెలుస్తాయి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

కుప్పం

కుప్పంలో మూడు భాషలు ఒకే వాక్యంలో నడుస్తాయి. జట్కావాడు తెలుగులో మొదలుపెట్టి, ఛార్జీ అరవంలో చెప్పి, గుర్రాన్ని కన్నడంలో తిట్టాడు. మునెమ్మ ఇల్లు రాతి బండల మిద్దె. వసారాలో కూర్చుని ఊదుబత్తీలు చుడుతోంది. ఆ నల్లటి ముద్ద పుల్లకి పూసి పీట మీద దొర్లించడం ఆ వీధిలో ఇంటింటా ఆడవాళ్ళ పని, బెంగుళూరుకు వెళ్తాయట. అరచేతులు రెండూ బొగ్గులా ఉన్నాయి. నేను ఎవరో చెప్పగానే లేచి, నల్లటి చేతులతో దణ్ణం పెట్టి, లోపలికి దారి చూపించింది.

“తెలివి ఉండాదమ్మా. అన్నీ తెలుస్తాది. మాటే ల్యా. కుడి రెక్క పడిపోయిండాది.”

గుమ్మంలోనే ఆగిపోయాను.

రెక్క. మనిషి చేతిని ఆమె రెక్క అంది. అందులో వింతేముంది? మా వైపూ అంటాం. రెక్కలు ముక్కలు చేసుకున్నాననీ, రెక్క పట్టి గెంటాడనీ అంటాం. తిట్టేటప్పుడూ, ఏడ్చేటప్పుడూ వాడతాం, పుస్తకంలో రాసేటప్పుడు మర్చిపోతాం. సారు మర్చిపోలేదు. చెయ్యే రెక్క, రెక్కే చెయ్యి అన్న సంగతి రాయడానికి తెలుగులో ఒకే మాట ఉంటే, ఆ మాటే రాశాడు. జంతుశాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది. దాన్ని కొట్టేసింది నేను.

సారు గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్లటి గెడ్డం. నేనెప్పుడూ ఆయన్ని చూడలేదు, ఉత్తరాలే. పేరు చెప్పగానే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. “ఊరికే ఏడుస్తాడమ్మా, జబ్బు అట్లాంటిది” అంది మునెమ్మ, కొంగుతో తుడుస్తూ. నాకూ ఆగలేదు. నాకు జబ్బేమీ లేదు.

గొట్టంలోంచి బొమ్మ తీసి ముందు పరిచాను. సారు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, మాట కాలేదు. తర్వాత ఎడమ చేత్తో తన కుడి చెయ్యి పట్టుకుని ఎత్తాడు, వేరే ఎవరిదో వస్తువు ఎత్తినట్టు. నా బొమ్మలో ఉన్నట్టే అరచెయ్యి నేలవైపు పెట్టి చూపించాడు. చూపించి, వదిలేశాడు. అది ఒళ్ళో పడిపోయింది.

మళ్ళీ ఎత్తాడు. ఈసారి అరచెయ్యి కడుపువైపు తిప్పాడు, చప్పట్లు కొట్టబోయేవాడి చెయ్యిలా, బొటనవేలు పైకి. మోచెయ్యి దగ్గరికి మడిచాడు. మణికట్టుని కిందికి వంచలేదు, చిటికెనవేలి వైపుకి పక్కగా మడిచాడు. ఆ రోగపు చెయ్యి ఎలా వంచితే అలా వంగింది. నిన్న బస్సులో ముడుచుకుని కూర్చున్న కోడి రెక్క నా ఎదురుగా ఉంది. అప్పుడు సారు ఎడమ చేత్తో భుజం దగ్గర్నుంచి మోచెయ్యి, మణికట్టు, బొటనవేలి పక్క వేలు దాకా నిమిరాడు. వేలి కొస దాటి గాలిలో ఇంకో జానెడు దూరం నిమిరాడు. ఈకలు అంతదాకా. మూడుసార్లు నిమిరాడు, నాకు అర్థమైందో లేదోనని ప్రతిసారీ నా మొహం చూస్తూ.

“అర్థమైంది సార్” అన్నాను.

పెన్సిల్ కోసం సంచిలో పెట్టిన చెయ్యి బయటికి తీసినప్పుడు టైపు కాగితం జారి మంచం మీద పడింది. కావాలని తీశానేమో, ఇప్పటికీ చెప్పలేను. మునెమ్మ చూసింది. “కాయితమా? ముద్ర ఏసేదా?” అంది. పింఛను కాగితాలకి వేయించడం ఆమెకి అలవాటట. ఎడమ బొటనవేలు పట్టుకోబోతే సారు పిడికిలి బిగించాడు. కాగితం మీద ఏముందో ఆయన చదివేశాడు.

“అప్పుడప్పుడు ఇట్ల మొండికేస్తాడు. పింఛనుకీ ఇంతే. ఈ చెయ్యి అయితే ఏమీ అనదు” అని, ఆమె ఆ పడిపోయిన కుడి చెయ్యి తీసుకుంది. ఊదుబత్తి నలుపంటిన తన వేళ్ళతో ఆ బొటనవేలు రుద్దింది. “ఇంకు గూడా అక్కరల్యా.” వేలు నల్లబడింది. కాగితం మీదికి తెచ్చింది. ఆ చెయ్యి కాదనలేదు, దానికి కాదనడం రాదు. సారు ఆ వేలి వైపు చూడటం లేదు, నా వైపు చూస్తున్నాడు.

వెంటనే వద్దన్నానని రాయాలని ఉంది. అనలేదు. వేలు కాగితానికి బెత్తెడు దూరంలోకి వచ్చేదాకా చూస్తూ ఉన్నాను. తెనాలిలో కట్టలు కట్టి ఉన్న ఫారాలు కళ్ళముందు మెదిలాయి. అప్పుడు “వద్దమ్మా” అన్నాను. కాగితం లాక్కున్నాను. అంచున కొంచెం మసి అంటింది.

కాగితం వెనక్కి తిప్పి, పెన్సిల్ తీసి, అక్కడే నేల మీద కూర్చున్నాను. మునెమ్మ తలగడ వేసి ఆయన చెయ్యి దాని మీద ఆనించింది. గంటసేపు వేశాను. బతికున్న చేతులు కుదురుగా ఉండవు. ఆ చెయ్యి కదలలేదు. సారు మధ్యలో రెండుసార్లు ఎడమ చేత్తో నా పెన్సిల్ ఆపి, ఈకల వాలు మార్పించాడు. అయ్యాక కాగితం చాలాసేపు చూశాడు. పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. ఒకటో తరగతి పిల్లాడి అక్షరాల్లాంటివి, వంకరగా, ఒక్కొక్కటే, ఎడమ చేత్తో తన పేరు రాశాడు. బొమ్మ కింద.

మునెమ్మ సంగటి, ఉలవచారు పెట్టింది. నమలకుండా మింగాను.

తిరిగి ఇంటికి

కుప్పంలో రైలెక్కాక కాగితం తీసి చూశాను. ఒక పక్క సరైన రెక్క, కింద సారు చేవ్రాలు. రెండో పక్క ‘పాఠమూ బొమ్మలూ చూశాను, సమ్మతమే’. నన్ను పంపింది ఈ కాగితం మీద సంతకం కోసమే, సంతకం ఉంది. ఏ పక్క ఉందని మా ప్రచురణకర్త అడిగే రకం కాదు.

“తెచ్చావా?” అన్నాడు, తెనాలిలో నన్ను చూడగానే.

“పెట్టలేదు” అన్నాను. రెక్కలెందుకు తప్పో చెప్పాను. చెయ్యి తిప్పి చూపించాను కూడా. అతను విన్నాడు, తల పట్టుకున్నాడు, రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ఫారాలు కుట్టించేశాడు. అంత కాగితం పారెయ్యలేనన్నాడు. అది నేను కాదనలేకపోయాను. సారు పేరు వెయ్యలేదు. మొదటి పేజీలో నా పేరొక్కటే పెద్దక్షరాల్లో వేయించి, నాకు మేలు చేశాననుకున్నాడు.

వానాకాలంలో కుప్పం నుంచి కార్డు వచ్చింది. మునెమ్మ ఎవరిచేతనో రాయించింది. ‘అమ్మా, పోస్టు వచ్చినప్పుడంతా మా తమ్ముడు లేసేకి సూస్తాండాడు. పుస్తకం కోసమే అనుకుంటాండాము. అచ్చయింటే ఒగటి పంపు.’ అప్పటికి నా బీరువాలో పాతిక పుస్తకాలున్నాయి. ఒక్కటీ పంపలేదు. కార్డుకి జవాబూ రాయలేదు. మళ్ళీ కార్డు రాలేదు. చాలా రోజులకి ఖాదర్ భాయ్ కొట్టుకి ఫోను చేస్తే, సారు పోయాడని చెప్పాడు.

జబ్బు మనిషి, తప్పు బొమ్మ చూస్తే బాధపడతాడని పంపలేదు, అని అడిగినవాళ్ళందరికీ చెప్పాను. అది నిజం కాదు. ఆయన రాసిన పుస్తకం మొదటి పేజీలో నా పేరొక్కటే ఉండటం ఆయన చూస్తాడని పంపలేదు.